అరిసె రానిదే అడుగు చెల్లదు

పిల్లలు నడవడానికి ఇన్నాళ్లూ ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. బుద్ధి పుడితే లేచేవారు. మంచంకోడు పట్టుకుని నిలబడేవారు. నాలుగడుగులేసి కూలబడి, తమని తామే చూసుకుని నవ్వుకునేవారు. ప్రభుత్వానికి కబురే ఉండేది కాదు. ఇంత పెద్ద దేశంలో ఇంతమంది ఇలా అడ్డూ అదుపూ లేకుండా నడిచేస్తుంటే ఎవరికీ చీమ కుట్టినట్టు లేదు. చివరికి మా గుమ్మలపాడులో ఒకాయనకి కుట్టింది.

ఆయన పరాంకుశం గారు. శిశు ప్రగతి విభాగంలో ప్రాజెక్టు అధికారి. ఏ పిల్ల ఎప్పుడు బోర్లా పడింది, ఎప్పుడు కూర్చుంది, ఎప్పుడు నడిచింది అన్నది యాప్‌లో ఎక్కించి పైకి పంపడం ఆయన ఉద్యోగం. దానికి పిల్లల్ని చూడాలి. అదే చిక్కు. చూసేవాళ్లు వచ్చేసరికి పిల్లలు నడవరు. నిద్రపోతారు, లేదా గుక్కపెడతారు, లేదా ట్యాబు లాక్కుని మూల కొరికేస్తారు. ఒకడైతే ఏకంగా పరాంకుశం గారి కొత్త ప్యాంటు మీద... అది ఫైలుకి ఎక్కలేదు గనక ఇక్కడా వద్దు.

ఇంత కష్టంలో ఉండగా ఆయన్ని రాజధానిలో ఒక సదస్సుకి పిలిచారు. మన పెద్దలు అన్నీ ముందే కనిపెట్టేశారన్నది సదస్సు విషయం. ఈ మధ్య ఎక్కడ చూసినా ఇదే జ్వరం. మనిషి తుమ్మితే ఆ తుమ్ములో కూడా పూర్వీకుల విజ్ఞానం కనబడుతోంది. పరాంకుశం గారు వెళ్లేటప్పుడు మామూలుగా వెళ్లారు, వచ్చేటప్పుడు కండువాతో వచ్చారు. వచ్చిన మర్నాడే సిబ్బందిని కూర్చోబెట్టారు.

"సుగుణ టీచరుగారూ, మన ఇళ్లలో పిల్ల బోర్లా పడితే ఏం చేస్తారు?"

సుగుణ టీచరు మా వీధి శిశు కేంద్రం నడుపుతుంది. "బొబ్బట్లు చేస్తారు సార్."

"కూర్చుంటే?"

"కుడుములు."

"అడుగులేస్తే?"

"అరిసెలు సార్. పిల్లని వాటి మీద నడిపించి, వీధంతా పంచుతారు. గడప దాటితే గారెలు. మాటలొస్తే పంచదార చిలకలు." టీచరుకి నోరూరినట్టుంది, మింగుకుంది.

"చూశారా?" అన్నారు పరాంకుశం గారు. "శిశు వికాస సూచికలన్నీ మన పెద్దలు వంటింట్లోనే సిద్ధపరిచి ఉంచారు. మనం మాత్రం అవివేకంతో పిల్లల్ని చూస్తున్నాం. పిల్ల ఒక్కొక్కరికి ఒక్కోలా కనబడుతుంది. అరిసె ఎవరికైనా అరిసెలాగే కనబడుతుంది. మీదుమిక్కిలి, అరిసె ఏడవదు."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. అడుగుకి అరిసెయే ఆధారం. అరిసె దాఖలు కానంతవరకు ఏ శిశువూ పాదచారిగా గుర్తింపబడదు. రెండు రకాల సాక్ష్యాలతో గందరగోళం తలెత్తకుండా, పిల్లల్ని కళ్లతో చూడడం నేటి నుంచి నిషిద్ధం.

మొదటి వారం ఆఫీసు పండగలా ఉంది. గుమాస్తాలు కాఫీ మానేశారు. పరిశీలన అంటే రుచి చూడడమే కాబట్టి సెలవు పెట్టినవాళ్లు కూడా వచ్చి పరిశీలించారు. అప్పుడొక చిక్కు వచ్చింది. జనం మిఠాయి కొట్టులో కొని తెచ్చేస్తున్నారు. దొంగనడకలు మొదలయ్యాయన్నమాట. పరాంకుశం గారు వెంటనే ఉత్తర్వు సవరించారు. అరిసె ఏ పొయ్యి మీద వేగితే, అడుగు ఆ ఇంటిదే. దాంతో అప్పటిదాకా కొట్టులో వేగిన అరిసెల అడుగులన్నీ మిఠాయి కొట్టు సూరిబాబు ఖాతాలో పడ్డాయి. ఆ వారంలో జిల్లా మొత్తం మీద ఎక్కువగా నడక నేర్చుకున్నది సూరిబాబే. మనిషి మాత్రం గల్లాపెట్టె దగ్గర్నించి లేవలేదు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. తర్వాత మా వీధికొచ్చింది.

మా వీధిలో దమయంతి అని ఉంది. జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తుంది. మొగుడు చెన్నైలో సెంట్రింగు పనికెళ్లాడు. కూతురి పేరు యోషిత, వీధంతా బుడ్డి అంటుంది. బుడ్డి నడవడం ఏమిటి, పరిగెడుతుంది. కోళ్లు దాన్ని చూసి గోడెక్కుతాయి. పొద్దున్నే దాన్ని శిశు కేంద్రంలో దింపి దమయంతి పనికెళ్లేది. ఒకరోజు సుగుణ టీచరు గుమ్మంలోనే ఆపేసింది.

"దమయంతీ, యాప్‌లో మీ బుడ్డి నడవట్లేదు."

"యాప్‌లో నడవకపోతే మానె. ఇక్కడ నడుస్తంది కదా."

"నడిచే పిల్లల గదిలో పెట్టుకుంటే నన్ను తీసేస్తారే. నడక లేని పిల్లలకి ఒడి గది అని పెట్టారు. తల్లి వచ్చి కూర్చుని, కేంద్రం మూసేదాకా పిల్లని ఒళ్లో పెట్టుకోవాలి. పిల్ల కాలు నేలకి తగలకూడదు."

దమయంతి ఒడి గదిలో కూర్చుంది. బుడ్డిని ఒళ్లో కూర్చోబెట్టడమంటే బతికున్న చేపని ఒళ్లో పెట్టుకున్నట్టే. కాసేపటికి జారింది, గోడవారగా పోయింది, పక్క తల్లి జడ లాగింది, కిటికీ ఎక్కింది. కేంద్రంలో పనిచేసే ఆయా గోడకి తిరిగి నిలబడి, సదరు శిశువు తనంతట తాను స్థానభ్రంశం చెందినదని ట్యాబులో కొట్టింది. నడిచిందని కొట్టడానికి ట్యాబు ఒప్పుకోలేదు.

ఫ్యాక్టరీలో మేస్త్రి కబురెట్టాడు. వచ్చే సోమవారానికి కూడా రాకపోతే నీ పీట ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఆ పీట పోతే ఆ ఇంట్లో పొయ్యి మీద అరిసెలే కాదు, అన్నం కూడా ఉడకదు.

దమయంతి పిల్లని చంకనేసుకుని పరాంకుశం గారి ఆఫీసుకెళ్లింది. గది మధ్యలో దింపింది. బుడ్డి ఒక్క పరుగున బల్ల కిందికెళ్లి ఆయన చెప్పొకటి పట్టుకుని అటువైపు తేలింది. పరాంకుశం గారు చప్పున కుర్చీ తిప్పేసి గోడ మీద క్యాలెండరు చూడసాగారు.

"సార్, సూడండి. నడుస్తంది."

"చూడకూడదమ్మా. అరిసె ఏదీ?"

"మా మావ పోయి ఏడాది తిరగలేదు సార్. ఏటి సూతకం. పిండివంటలు వండకూడదు."

పరాంకుశం గారి గొంతు గోడ వైపు నుంచే మెత్తబడింది. "సంప్రదాయం పాటిస్తున్నావు. నీలాంటివాళ్లే దేశానికి కావాలి. అయితే అదే సంప్రదాయం ప్రకారం ఈ ఏడాది మీ ఇంట్లో ఎవరూ కొత్తగా నడవరాదు."

"గుంట నడిసేసింది కదా సార్."

"అది మీ ఇంట్లో క్రమశిక్షణ లోపం."

ఈలోగా చెప్పు చేతబట్టుకున్న బుడ్డి వరండాలోకి దూసుకుపోయింది. "గురయ్యా, పట్టుకో" అని కేకేశారు పరాంకుశం గారు.

గురయ్య అటెండరు. మా వీధివాడే. "ఎవర్ని సార్?"

"ఆ పిల్లని."

"ఆ పిల్లకి నడక లేదు కదా సార్. ఎక్కడికి పోతాది?"

పరాంకుశం గారు కాసేపు ఆలోచించారు. "నా చెప్పు స్థానభ్రంశం చెందుతోంది. చెప్పుని పట్టుకో."

ఆ సాయంత్రం దమయంతి గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే పక్కింటి తవిటమ్మ వచ్చింది. మొగుడు పోయిన ముసలావిడ, ఒక్కతే ఉంటుంది. గుమ్మలపాడులో ఎవరింట్లో అరిసెలు చేసినా పాకం పట్టడానికి ఆవిణ్నే పిలుస్తారు. నోరు కూడా పాకంలాంటిదే, అంటుకుంటే వదలదు.

"ఏటే అమ్మీ ఆ ఏడుపు? మీ ఇంట్లో ఒండకూడదు గానీ మా ఇంట్లో ఒండకూడదా? నాకేటి సూతకం? మా ఆయన పోయి నీ అంత మనిషయ్యేంత కాలమైంది."

"పొయ్యి ఏ ఇంటిదైతే అడుగు ఆ ఇంటిదంట మామ్మా."

"ఏ ఇంటిదైతే ఏటి? ఈదిలో గుంటలు ఎందరున్నారు? ఎవుత్తి నడిసిందో ఆలకి తెలీదా?"

అక్కడే ముసలమ్మ పప్పులో కాలేసింది. వాళ్లకి తెలుస్తుందనుకుంది. బియ్యం నానబోసి, దంచి, పాకం పట్టి, నువ్వులద్ది, అరిసెలు చేసి గిన్నె పట్టుకెళ్లి ఆఫీసులో ఇచ్చింది. ముగ్గురు గుమాస్తాలు పరిశీలించారు. అరిసె మెత్తగా ఉందనీ, అడుగు గట్టిదేననీ తేల్చారు. పొయ్యి ఎవరిదన్నారు. నాదేనంది. ఇంట్లో ఎవరెవరున్నారన్నారు. నేనేనంది. యాప్‌లో పచ్చ గుర్తు పడింది. తవిటమ్మ నడిచింది.

మర్నాడు ఆవిడ ఫోనుకి సందేశం వచ్చింది. మీ చిన్నారి తవిటమ్మ తొలి అడుగులు వేసినందుకు ప్రభుత్వం హర్షం వ్యక్తం చేస్తోంది. సాయంత్రానికి ఒక గుడ్డు, బాలామృతం పొట్లం వచ్చాయి. తవిటమ్మకి పళ్లు లేవు, కాబట్టి బాలామృతం బాగానే పనికొచ్చింది. ఆ మర్నాడు నర్సమ్మ సూదిమందు పట్టుకుని వచ్చి, పాప ఎక్కడుందంది. "నేనే పాపని, ఏ చేతికి పొడుస్తావో పొడువు" అంది తవిటమ్మ. నర్సమ్మ చెయ్యి వెతికి, కండ దొరక్క తిరిగెళ్లిపోయింది.

అంతవరకూ బాగానే ఉంది. ఏడాది నిండిన పిల్లకి వితంతు పింఛను ఎలా ఇస్తున్నారని పై నుంచి ఎవరో అడిగారు. పింఛను ఆపేశారు. ఏడాది పిల్ల వితంతువెలా అయిందని ఇంకెవరో అడిగారు. బాల్యవివాహం కేసు కట్టారు. కానిస్టేబులు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పాపా, నీకు పెళ్లి చేసిందెవరు?"

"మా అయ్య."

"ఎక్కడున్నాడు?"

"కాట్లో."

"పెళ్లికొడుకో?"

"ఆడూ అక్కడే."

కానిస్టేబులు నిట్టూర్చి, నిందితులిద్దరూ పరారీలో ఉన్నారని రాసుకుని, మిగిలిన అరిసె ఒకటి తిని వెళ్లాడు.

ఇక మేం ఊరుకోలేదు. శనివారం పొద్దున్నే వీధి వీధంతా వెళ్లి ఆఫీసు ముందు బైఠాయించాం. మా అదృష్టం, ఆ రోజు రాజధాని నుంచి జాయింట్ డైరెక్టరు చిదంబరేశ్వరి గారు తనిఖీకి వచ్చారు. ఆవిడకి నియమం అంటే ప్రాణం. లిఫ్టులో ఆరుగురే ఎక్కాలని రాసి ఉంటే, ఒక్కరే వచ్చినప్పుడు ఇంకో ఐదుగురి కోసం ఆగే మనిషి. పరాంకుశం గారి పథకాన్ని రాష్ట్రమంతా పెట్టాలని చూస్తున్నారు. విచారణ అక్కడే మొదలైంది.

దమయంతి బుడ్డిని దింపింది. అంతే. గదిలో ఉన్న అధికారులంతా ఒక్కసారి లేచి గోడలకి తిరిగారు. ఒకాయనకి గోడ దొరక్క బీరువాకి తిరిగాడు. బుడ్డికి ఇంత మంచి ఆట ఎప్పుడూ తగల్లేదు. ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్లి వెనకనించి ప్యాంటు లాగి, వాళ్లు తిరక్కపోతే విరగబడి నవ్వుతోంది.

"నా వస్త్రమును ఎవరో లాగుచున్నారు" అన్నారు చిదంబరేశ్వరి గారు గోడతో. చీర కొంగు అప్పటికి కిటికీ దాకా పోయింది.

"నడక లేని పిల్ల మేడమ్" అన్నాడు గురయ్య. "గాలి అయ్యుంటాది."

దమయంతి గోడ వైపు వెళ్లి, ఆవిడ మొహానికీ గోడకీ మధ్య తల పెట్టి చెప్పింది. "సోమవారం నేను పన్లోకి ఎల్లకపోతే నా పీట పోతాది మేడమ్. మీరు తిరిగి ఒక్కపాలి సూస్తే సాలు."

"తల్లీ, చూసి నమ్మడం అనాగరికుల పద్ధతి. ఆధారం కావాలి."

అప్పుడు తవిటమ్మ కర్ర తాటిస్తూ ముందుకొచ్చింది. "పరాంకుశం బాబూ, మీరు నడిసినప్పుడు అరిసెలు ఎవుళ్లు తిన్నారు?"



"ఇది అసందర్భం" అన్నారు పరాంకుశం గారు.

"కాదు" అన్నారు చిదంబరేశ్వరి గారు. ఆవిడ గొంతులో భక్తి లాంటిదేదో వచ్చింది. "నియమం పిల్లలకొకటి, మనకొకటి ఉండదు. నా సంగతి చెబుతాను. నేను నడిచిన రోజు మా నాయనమ్మ చేసిన అరిసెల పళ్లెం ఫొటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. కాబట్టి నేను నడుస్తున్నాను. మీరు?"

గురయ్యని కూడా అడిగారు. వాడి అరిసెలకి పాకం పట్టింది తానేనని తవిటమ్మ చెప్పింది. ఏడాది పిల్ల సాక్ష్యం చెల్లుతుందా అని ఎవరో గొణిగారు గానీ, మా వీధి పెద్దవాళ్లంతా ఆ అరిసెలు తిన్నామన్నారు. గురయ్య నడక ఖాయమైంది.

పరాంకుశం గారు చెమట తుడుచుకుని వాళ్లమ్మకి ఫోను చేశారు. అందరికీ వినపడేలా పెట్టమన్నారు చిదంబరేశ్వరి గారు.

"అమ్మా, నేను నడిచినప్పుడు అరిసెలు చేశావు కదూ?"

"నువ్వా?" అంది ముసలావిడ. "నువ్వు నడిచిందెప్పుడురా? బళ్లో వేసే ఈడొచ్చేదాకా చంక దిగలేదు. ఒకరోజు కుక్క తరిమితే నడిచావు. అప్పుడు నాన్నకి టైఫాయిడు. అరిసెలెక్కడివి? బ్రెడ్డు ముక్క ఉంటే పెట్టాను. ఇంతకీ భోంచేశావా?"

ఫోను ఆగిపోయింది. పరాంకుశం గారు నిలబడే ఉన్నారు. ఆ నిలబడడం కూడా ఆధారం లేనిదని ఆయనకి తట్టినట్టుంది, మోకాళ్లు కొంచెం వంచారు.

"బ్రెడ్డు ఏ అడుగుకీ ఆధారం కాదు" అన్నారు చిదంబరేశ్వరి గారు. "కన్నతల్లి దూరాన ఉన్నందున తాత్కాలిక ఒడి ఏర్పాటు చేయవలసింది."

తాత్కాలిక ఒడి అంటే గురయ్యే. పరాంకుశం గారు మంచి పుష్టి అయిన మనిషి. గురయ్య కుర్చీలో కూర్చుని, గాలి పీల్చుకుని, ఆయన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. కాళ్లు నేలకి తగలకుండా గుమాస్తా ఒకడు కింద ఫైళ్లు పేర్చాడు.

ఒళ్లో కూర్చునేసరికి పరాంకుశం గారి బుర్ర చురుగ్గా పనిచేసింది. "మేడమ్, మా క్వార్టర్సు పొయ్యి మీద అరిసెలు వండిస్తే నా అడుగు చెల్లుతుంది కదా. ఇంట్లోవాళ్లకి పాకం పట్టడం రాదు. ఊళ్లో వచ్చింది తవిటమ్మ ఒక్కతికే. పిలిపించి..."

"ఏడాది పిల్ల చేత పొయ్యి దగ్గర పని చేయిస్తారా?" చిదంబరేశ్వరి గారు గోడకే గుడ్లురిమారు. "బాల కార్మిక చట్టం ఏం చెబుతోంది?"

పరాంకుశం గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి మానవత్వం వచ్చేసింది. "మేడమ్, తవిటమ్మ పేర పడిన అడుగు నిజానికి ఆవిడది కాదు. అది ఈ చిన్నారి యోషితది. సూతకం కారణంగా పక్క పొయ్యిలో తలదాచుకుంది. పేదరాలి కడుపు కొట్టవద్దని నా మనవి." అని కండువాతో కళ్లొత్తుకున్నారు. ఒళ్లో ఉన్న మనిషి కదిలిపోయేసరికి గురయ్య కూడా కదిలిపోయాడు, ఇద్దరూ కింద పడబోయారు.

ఉత్తర్వు అక్కడే తయారైంది. తవిటమ్మ పేరున పొరపాటున నమోదైన నడకను తక్షణం రద్దుచేసి, కుమారి యోషితకు బదలాయించడమైనది. తవిటమ్మ వయస్సు, వైధవ్యం, పింఛను యథాతథంగా పునరుద్ధరించడమైనది. యాప్‌లో బుడ్డి పేరు పక్కన పచ్చ గుర్తు వెలిగింది. గోడలకి తిరిగిన వాళ్లంతా ఇటు తిరిగి, మొదటిసారి చూస్తున్నట్టు, "అబ్బ, ఎంత బాగా నడుస్తోందో" అన్నారు.

దమయంతి పిల్లని ఎత్తుకోబోయి ఆగింది. "ఇప్పుడు ఎత్తుకోవచ్చా సార్?"

"నీ ఇష్టం తల్లీ" అన్నారు పరాంకుశం గారు, ఒళ్లోంచి.

సోమవారం పొద్దున్న బుడ్డి నడిచే పిల్లల గదిలో ఉంది. దమయంతి ఫ్యాక్టరీలో తన పీట మీద ఉంది. మేస్త్రి ఆ పీట ఇస్తానన్న మనిషి గుమ్మం దాకా వచ్చి, చూసి వెళ్లిపోయిందట.

ఆ సాయంత్రం మా వీధిలోకి జీపు వచ్చింది. గురయ్య దిగాడు. చేతుల్లో పరాంకుశం గారు. శనివారం నుంచీ మోస్తున్నాడేమో, నడుం వంకర తిరిగిపోయింది.

"తవిటమ్మగారూ" అన్నారు పరాంకుశం గారు ఎంతో మర్యాదగా. "బియ్యం నానబెట్టించాం. పిండి కూడా సిద్ధం. మా క్వార్టర్సు దాకా నాలుగడుగులు వేస్తే చాలు."

అరుగు మీద కూర్చున్న తవిటమ్మ కాళ్లు చాపుకుని వాటిని చూసుకుంది. "రావాలనే ఉంది బాబూ. ఏటి సేసేది? నా నడక రద్దు సేసేసినారు కదా."

పరాంకుశం గారు గురయ్య మెడ ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నారు.

"నన్నెవులైనా ఎత్తుకోవాల" అంది తవిటమ్మ. "నా కాలు నేలకి తగలకూడదు. మీరే రాసినారు."

గురయ్య చేతుల్లో ఉన్న అధికారిని చూశాడు. అరుగు మీదున్న ముసలమ్మని చూశాడు. వాడేం చదువుకోలేదు గానీ, ఏది తేలికో వాడి నడుముకి తెలుసు. అధికారిని అరుగు మీద దింపాడు. ముసలమ్మని ఎత్తుకున్నాడు. "పాకం ముదిరిపోకుండా బేగి పోనీయ్ రా" అంది తవిటమ్మ వాడి మెడ పట్టుకుని. జీపు వెళ్లిపోయింది.

పరాంకుశం గారు అరుగు మీద మిగిలారు. కాళ్లు నేలకి తగలకుండా పైకి ముడుచుకున్నారు. వీధి పిల్లలు చుట్టూ చేరారు. కోడి ఒకటి వచ్చి పక్కన కూర్చుంది.

ఫ్యాక్టరీ వదిలాక దమయంతి పిల్లని తీసుకుని వచ్చింది. బుడ్డి తల్లి చెయ్యి విదిలించుకుని తిన్నగా అరుగు దగ్గరకి పరిగెత్తింది. ముడుచుకుని కూర్చున్న పెద్దాయన్ని కిందికీ పైకీ చూసింది. జాలేసినట్టుంది. తనకి అందరూ చేసినట్టే, ఆయన ముందు నిలబడి చెయ్యి చాపి, వేలు పట్టుకోమన్నట్టు ఊపింది.

"దా" అంది. "దా. పల్లేదు. దా."

పరాంకుశం గారు చటుక్కున గోడకి తిరిగారు. ఆ మాటలకి పంచదార చిలకలు ఇంకా దాఖలు కాలేదు మరి.